పదిహేడో నంబరు పెట్టె

"వాచీ తీసి బల్ల మీద పెట్టు."

బాలత్రిపురసుందరి గొంతు పెంచలేదు. దుబాయ్‌ కరామాలో ఆమె వీసా కన్సల్టెన్సీ బోర్డు నిజమే, కుర్చీలూ నిజమే. లోపలి గదిలో జరిగే అసలు పని ఢిల్లీలో నలుగురికే తెలుసు. ఏజెంట్ ప్రసన్నకుమార్ వాచీ తీశాడు. అట్టపెట్టెలో ఏముందో చూపించే స్కానర్ అది.

"పెన్ను కూడా."

అందులో బ్లేడుంది. అదీ ఇచ్చేశాడు. "ఇంకేం మిగిలింది మేడమ్?"

"రెండు చేతులు. వాటిని జేబుల్లో పెట్టుకో."

ప్రసన్నకుమార్‌కి అరికాళ్ల నుంచి మంట లేచింది. పేరే ప్రసన్నం గానీ అతను ఒక్కచోట కుదురుగా నిలబడ్డ మనిషి కాడు. రెండేళ్ల క్రితం మనీలాలో ఇలాగే ఆగలేక, స్కామ్ ముఠా నాయకుడు రికార్దో లాకరు పగలగొట్టాడు. వారెంటు లేదని కోర్టు ఆ సాక్ష్యమంతా పక్కన పడేసింది. రికార్దో మెట్లు దిగుతూ అతనికి చెయ్యి ఊపి మరీ వెళ్లాడు. ఆ చెయ్యి ఇప్పటికీ కలలోకి వస్తుంది.

"రికార్దో మళ్లీ మనీలా జైల్లో ఉన్నాడు. రేపు విడుదల విచారణ," అంది సుందరి. "ఉద్యోగాలని ఇక్కడి నుంచి తీసుకెళ్లి మనీలాలో బంధించిన మన కుర్రాళ్లు నలభై ఒక్కమంది. వాళ్ల పాస్‌పోర్టులు, రికార్దో సంతకాలున్న కాగితాలు ఈ ఉదయం కార్గోలో వెళ్తున్నాయి. పెట్టె నంబరు పదిహేడు. అది చేరితే పిల్లల్ని ఇంకో దేశం దాటించేస్తారు. పదకొండుకి ట్రక్కు."

"పది నిమిషాల పని. తెరిచేస్తాను."

"తెరిస్తే మళ్లీ అదే కథ. నిన్ను మనీలా పోలీసు టీమ్‌కి అటాచ్ చేశారు. ఆ కోర్టు కళ్లకి నువ్వే ప్రభుత్వం. వారెంటు లేకుండా ప్రభుత్వం సోదా చేస్తే, దొరికింది ఏ కేసులోనూ సాక్ష్యం కాదని వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. నువ్వు తెరిచినా అంతే, ఇంకొకరితో తెరిపించినా అంతే."

"దొంగకి ఇంత కాపలా ఎందుకు మేడమ్?"

"దొంగకి కాదయ్యా. మార్షల్ లా పేరుతో సాగిన సైనిక పాలనలో చూడకూడనివన్నీ చూసిన దేశం అది. తర్వాత రాజ్యాంగం రాసుకుంటూ ఇంటి తలుపుకి గట్టి గడియ పెట్టుకున్నారు. ఆ కార్గో షాపువాళ్లు మాత్రం తమ పద్ధతి ప్రకారం ప్రతి పెట్టెనూ విప్పి చూస్తారట. ప్రైవేటు మనిషి తనంతట తాను చూస్తే ఆ కోర్టుకి అభ్యంతరం లేదు. నువ్వు అడగొద్దు, సైగ చెయ్యొద్దు. దగ్గొద్దు కూడా."

పదీ ఇరవైకి ప్రసన్నకుమార్ సేల్స్‌మన్ వేషంలో, చంకలో ఒక అట్టపెట్టెతో కార్గో షాపులో ఉన్నాడు. గోడవారగా పెట్టెలు. పదిహేడో నంబరు మీద పసుపు టేపు, దాని మీద 'చెక్డ్' స్టిక్కర్.

"వానొచ్చేలా ఉంది," అందొక గొంతు. అదే కోడ్ వర్డ్. దుబాయ్‌లో ఎవరూ పొరపాటున కూడా అనని మాట. మారిసెల్. ఎర్ర స్కార్ఫ్, నల్లద్దాలు. ముఠా నుంచి తమవైపు తిరిగిన మనిషి. పదిహేడో పెట్టె కబురు తెచ్చిందీ ఆమే.

"ఏం చూస్తున్నావు? తెరువు," అని ఇంగ్లీషులో గుసగుసలాడింది.

అతను తల అడ్డంగా ఊపాడు.

ప్యాకింగ్ చేసే మనిషి వీరదుర్గ, మలికిపురం ఆవిడ, పెట్టెలు ఒక్కొక్కటే విప్పుతోంది. సబ్బులు, తువ్వాళ్లు, చాక్లెట్లు. పదిహేనో పెట్టె అయింది. బయట ట్రక్కు హారన్. "యల్లా, యల్లా!" తొందరపెడుతూ డ్రైవర్ కేక. పదహారయింది. వీరదుర్గ పదిహేడో పెట్టె మీది స్టిక్కర్ చూసి, విప్పకుండానే ట్రాలీ మీదకి జరిపింది.

ప్రసన్నకుమార్ నోరు తెరవబోయి ఆగాడు. ఒక్క మాట. 'అమ్మా, అది విప్పలేదు' అంటే చాలు. నలభై ఒక్క ఇళ్లలో తల్లులు ఫోన్ల దగ్గర కూర్చుని ఉన్నారు. జేబుల్లో వేళ్లు మెలికలు తిరిగాయి.

"పోతోంది! చేతగాని మనిషీ, తెరువు!" మారిసెల్ అతని చెయ్యి బయటికి లాగి అందులో కట్టర్ పెట్టింది. అప్పుడు చూశాడతను. ఆమె హ్యాండ్‌బ్యాగు గుండీలో చిన్న కెమెరా. అది పెట్టె వైపు లేదు. అతని చేతుల వైపు ఉంది.

అర్థమైంది. పెట్టె వెళ్తే ముఠాకి లాభం. అతను తెరిస్తే, ఆ వీడియో రేపు రికార్దో లాయర్ చేతిలో ఉంటుంది.

"ఏవండీ! ఎవరి పెట్టె మీదండీ కత్తి?" వీరదుర్గ గబగబా వచ్చి కట్టర్ లాక్కుంది. "అసలీ స్టిక్కర్ ఎవరేశారు? నేనేస్తే మీద 'వీ' అని రాస్తానండి."

"ఆల్రెడీ చెక్డ్! ఖలాస్!" మారిసెల్ వచ్చీరాని హిందీలోకి దిగింది. "ఖోల్నా నహీ!"

"ఆయ్, అట్టాగే అన్నారండి పోయినేడాది ఒకళ్లు. ఆవకాయ సీసా పగిలి, పక్క పెట్టెలో పెళ్లిగౌను పచ్చడైపోయింది. అప్పట్నుంచీ విప్పకుండా ఒక్కటీ ఎక్కనివ్వను. ఏక్ మినిట్, భాయ్!"

డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. పసుపు టేపు చీరింది. పైన పాలపొడి డబ్బాలు. ఒకటి ఊపి చూసింది. కదలలేదు. మూత తీస్తే నీలిరంగు పాస్‌పోర్టులు, గుత్తంగా.

"ఓరి దేవుడో, ఇన్ని మన పిల్లలవే!" అంది వీరదుర్గ. ఎవరూ చెప్పకుండానే ఫోన్ తీసి పోలీసులకి కొట్టింది. మారిసెల్ తలుపు దాకా పరిగెత్తింది గానీ, ఆ కేక విని ట్రక్కు దిగొచ్చి ట్రాలీ అడ్డంపెట్టిన డ్రైవర్‌ని దాటలేకపోయింది.

పోలీసులు ఆమెనూ, పెట్టెనూ తీసుకెళ్లాక ప్రసన్నకుమార్ సుందరికి ఫోన్ చేశాడు. కళ్లు తడిగా ఉన్నాయి, దాచుకోలేదు.

"ఏం చేశావు?"

"ఏమీ చెయ్యలేదు మేడమ్."

"శభాష్."

ఫోన్ పెట్టేసరికి వీరదుర్గ అతని పెట్టె ముందు కట్టర్‌తో నిలబడి ఉంది. వేషం కోసం తెచ్చిన పెట్టె. లోపలున్నవి పాత పేపర్లు.

"వారెంటు ఉందా అమ్మా?" అన్నాడు నవ్వాపుకుంటూ.

"అది గవర్నమెంటోళ్లకి కావాలి గానండి, నాకెందుకండీ?" అంటూ వీరదుర్గ టేపు కోసేసింది.