అన్నభేది గుహ

పోతయ్య ఇంట్లో తాతల నాటి నుంచి దాచిన తెల్ల కాగితం మీద కరక్కాయ కషాయంలో ముంచిన దూదిని మాణిక్యాంబ మెల్లగా అద్దింది. చూస్తుండగానే నల్లటి గీతలు తేలాయి. రెండు కొండలు, నడుమ లోయ, ఒక గుహ నోరు.

"ఉత్త కాయితమని మా అమ్మ పొయ్యిలో ఎయ్యబోయిందమ్మా!" అన్నాడు పోతయ్య నోరు తెరిచి.

"ఉత్తది కాదు పోతయ్యా. అన్నభేది అనే ఇనుప ఉప్పు కరిగించిన నీళ్లతో గీశారు. ఆరితే కంటికి ఆనదు. కరక్కాయ రసం తగిలిందా, రెండూ కలిసి సిరా అయిపోతుంది. మా ఇంట్లో రోజూ చేసే పనే కదా ఇది!"

కంభంలో సిరా కాచే ఇల్లు ఆమెది. పోతయ్య నల్లమలలో ఒక చెంచుగూడెం పెద్ద. ఆ గూడెం ఉన్న లోయ తనదేనని ఒక వెదురు కాంట్రాక్టరు దావా వేశాడు. వెనుకటి పాలెగాడు దాన్ని చెంచులకు రాసిచ్చాడని అందరూ చెప్పుకునేవాళ్లే గాని పట్టా చూసినవాడు ఒక్కడూ లేడు. వారంలో చూపకపోతే నలభై గడపలు అడవి వదిలిపోవాలి.

మాణిక్యాంబకు యాభై దాటాయి. అయినా పట్టా ఆ గుహలోనే ఉండాలని, కషాయం సీసా సంచిలో వేసుకుని తానే బయలుదేరింది. అలాంటి కాగితాన్ని ఎవరి చేతుల్లోనో పెట్టి ఇంట్లో కూర్చునే ఓర్పు ఆమెకు ఎక్కడిది!

రెండు రోజులు నడిచారు. మండువేసవి, దారిలో వాగులన్నీ ఎండిపోయాయి. వేళ్లు పట్టుకుని కొండచరియ దిగుతుంటే ఆమె కాలి కింద రాయి జారి లోతుకు దొర్లిపోయింది.

"కిందికి సూడొద్దమ్మా! నా అడుగులో అడుగెయ్యి!"

గుహ దగ్గర ఎలుగు వాసన కొట్టింది. పోతయ్య కాగడా వెలిగించి పెద్దగా కేక పెట్టాడు. నల్లటి ఆకారం ఒకటి వాళ్లను రాసుకుంటూ బయటికి దూకి పొదల్లో పడి పోయింది.

లోపల గోడలకు లేత ఆకుపచ్చని ఉప్పు పేరుకుని ఉంది. కింద చిన్న నీటిగుంట. పైన గూట్లో రాగి గొట్టం. బంగారమేదీ లేదు, వాళ్లు వచ్చింది దానికోసం కూడా కాదు. మూత తీస్తే చుట్టిన కాగితం బయటపడింది, అదీ తెల్లగానే ఉంది. శత్రువుల చేతికి చిక్కినా చించెయ్యకుండా పాలెగాడు పన్నిన ఉపాయమని ఆమెకు అర్థమైంది.

పోతయ్య దాన్ని కళ్లకద్దుకున్నాడు. అడవిలో ఏది తీసుకున్నా అక్కడి నీళ్లే చల్లి అడవితల్లికి దండం పెట్టడం వాళ్లింటి ఆచారం. ఆమె వారించేలోపే గుంటలో చెయ్యి ముంచి కాగితం మీద చిలకరించాడు.

ఒక చుక్క మాణిక్యాంబ వేలి మీద పడింది. కషాయం మరక ఉన్న ఆ వేలు అక్కడికక్కడే నల్లబడింది.

"ఆగు!" అని అరిచిందామె. గోడల మీది ఉప్పు ఏమిటో అప్పుడు తట్టింది. "ఇవి అన్నభేది నీళ్లు పోతయ్యా! ఇలాగే ఆరితే ఇక వదలవు. కషాయం పూస్తే రాతతో పాటు కాగితమంతా మసి అవుతుంది."

పోతయ్య తడి చేతిని పంచెకు తుడుచుకున్నాడు. "నా చేత్తో నేనే గూడేన్ని ముంచితినా తల్లీ?"

"పాత రాత ఎప్పుడో ఆరి కాగితం పీచులో పాతుకుపోయింది, నీళ్లకు కదలదు. కొత్తది ఇంకా పచ్చిగానే ఉంది. ఆరకముందే మంచినీళ్లతో కడగాలి."

మంచినీళ్లంటే తాగడానికి సొరబుర్రలో మిగిలినవే. నీళ్లుండే ఏరు ఒక పగటి నడక. ఆమె అడగకముందే పోతయ్యే బుర్ర తెచ్చి ముందు పెట్టాడు.

"పొయ్యమ్మా."

కాగితాన్ని వాలు బండ మీద పరిచి సన్నటి ధార పోసింది. కిందికి జారిన నీళ్లలో కషాయం చుక్క వేసింది. నలుపు! మళ్లీ పోసింది. బూడిదరంగు. ఇంకోసారి. ఇంకా మసక. చివరి గుక్కెడు కూడా పోసేసింది. ఈసారి కషాయం చుక్క తన తేనెరంగులోనే ఉండిపోయింది.

కాగితం మీద దూది అద్దింది. ఒక్కొక్క అక్షరమే లేచి నిలబడింది.

"ఏముందమ్మా?"

"ఈ లోయ, ఇందులోని చెట్టూ పుట్టా తేనే, చిగుర్ల ఈరన్నకూ అతని గూడేనికీ..."

"ఈరన్న మా వంశానికి మొదటోడమ్మా!" పోతయ్య పిల్లవాడిలా ఏడ్చేశాడు. "ఈ నలుపు ఎన్నాళ్లుంటది?"

"కోర్టులో చూపేదాకా ఉంటుంది. ఆ తర్వాత సంగతి నేను చెప్పలేను."

"అయితే మల్లీ సదువు."

తిరుగుదారి పొడవునా ఆమె చదువుతూనే ఉంది. మధ్యాహ్నానికి ఆమె గొంతు ఎండి మాట ఆగిపోయింది. అతను మాత్రం పగిలిన పెదవులతో ఆ మాటలే వల్లెవేస్తూ నడిచాడు. పొద్దు వాలేవేళకు ఏరు కనబడింది. మాణిక్యాంబ పరుగున వెళ్లి నీళ్లలో మొహం పెట్టింది. పోతయ్య ఒడ్డునే నిలబడి, పట్టాను మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పి, ఆ తర్వాత దోసిలి పట్టాడు.