సింగారి కట్టిన రంగుల గూడు

మాణిక్యదుర్గంలో గోడలు కూడా నవ్వేవని చెప్పుకునేవారు. పసుపు గోపురాలు, చిలకపచ్చ కిటికీలు, ఎర్రెర్రని బురుజులు. అది చూసి ఓర్వలేని బూదాసురుడనే బూడిద రాక్షసుడు గుప్పెడు బూడిద విసిరాడు. కోటంతా బూడిదరంగయింది. రాణి మధుమతి సింహాసనం మీదే రాయయింది. రాక్షసుడు పోతూ పోతూ ఒక మెలిక పెట్టాడు.

"ఈ కోటకు జానెడు బొమ్మ చేసి, ఊదుగొట్టంతో రంగు వేయండి. తడిరంగుకు ఒక్క దుమ్ము నలుసు అంటకపోతే శాపం పోతుంది. కార్తీక పున్నమి దాటిందా, మీ రాణి ఎప్పటికీ రాయే."

ఊదుగొట్టంతో రంగు వేయడం ఆ రాజ్యంలో కొండప్పకు ఒక్కడికే వచ్చు. వెదురు గొట్టంలో రంగు పోసి ఊదితే అది మంచులా బొమ్మ మీద వాలుతుంది. ముప్పయ్యేళ్ళుగా బొమ్మ మీద వాలింది వాలగా, మిగిలింది ఆయన గుండెల్లోకి పోయింది. ఇప్పుడు మాటకో దగ్గు. వైద్యుడు నాడి చూసి, ఇంకొక్క బొమ్మ ఊదితే మనిషి దక్కడన్నాడు. కొండప్ప వింటేగా? కర్రతో కోట బొమ్మ చెక్కడం ముగించి గొట్టం అందుకున్నాడు.

కూతురు సింగారి దాన్ని లాక్కుంది. "నువ్వు పోయి రాణిగారు లేస్తే నాకేం సంబరం నాన్నా? పున్నమికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. నీ ఊపిరి పోకుండా రంగేసే దారి వెతుక్కొస్తా. అందాకా గొట్టం ముట్టనని నా మీద ఒట్టెయ్యి."

కొండప్ప దగ్గుతూనే ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

నల్లతుమ్మ అడవిలో ముళ్ళు గీరుకుంటున్నా నడిచిన సింగారికి ఒక ముని కనిపించాడు. సంగతంతా విని ఆయన గడ్డం నిమురుకున్నాడు. "పోయే దారి లేకనే తల్లీ, రంగు మీ నాన్న గుండెల్లో కాపురం పెట్టింది. దానికో గూడు కట్టు. గూటికి వెనకవాకిలి పెట్టు. గాలికొండ మీద గాలిగుర్రం పిల్ల ఉంది, సాయమడుగు."

"గూడు బంగారంతో కట్టాలా తాతా?"

"మీ ఇంట్లో పాత గంప లేదూ?" అన్నాడు ముని.

గాలికొండ ఎక్కడమంటే మాటలు కాదు. రెండడుగులు ఎక్కితే గాలి ఒకడుగు వెనక్కి తోసేది. సింగారి చెట్ల వేళ్ళూ రాళ్ళూ పట్టుకుని పాకింది. పైన తెల్లని గుర్రప్పిల్ల ఒంటరిగా నిలబడి ఉంది.

"నా దగ్గరికి ఎవరూ రారు. వచ్చినవాళ్ళు ఎగిరిపోతారు," అంది అది.

సింగారి పమిటతో తనను బండకు కట్టేసుకుని, దాని జూలులో చిక్కుకున్న పల్లేరుకాయలు ఒక్కొక్కటే తీసింది. పొద్దువాలే వేళకు గుర్రప్పిల్ల ఆమె భుజం మీద తల వాల్చింది. ఇక పిలవకుండానే వెంట వచ్చింది.

ఇంటికొచ్చి సింగారి మామిడిపళ్ళ గంపను పక్కకు పడుకోబెట్టింది. సందులకు బంకమట్టి మెత్తింది. వెనక చెంబు పట్టేంత కన్నం చేసింది. ఓ పనికిరాని బొమ్మను లోపల పెట్టి తాను వచ్చీరానట్టు రంగు ఊదుతూ, పక్కనుంచి గుర్రప్పిల్లనూ ఊదమంది. ఇంకేముంది, ఇంట్లోని దుమ్మంతా లేచి తడిరంగుకు అంటుకుంది. రంగు సింగారి మొహానికి కొట్టింది. బొమ్మ బూడిదలో పొర్లిన కోడిలా తయారైంది.

సింగారికి ఏడుపొచ్చింది. పున్నమి మర్నాడే. కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఆలోచించింది. ఇద్దరూ ఊదితే రంగు పోయేదెక్కడికి?

"నువ్వు వెనక్కెళ్ళి పీల్చు," అంది. గుర్రప్పిల్ల వెంటనే కన్నానికి మూతి ఆనించింది.

"ఆగు. మా నాన్న గుండెల్లోకి పోయింది నీ గుండెల్లోకి పోనిస్తానా?" అని సింగారి రెండు పాతగుడ్డల మధ్య కొబ్బరిపీచు పరిచి, కుట్టి, కన్నానికి కట్టింది. ఈసారి మిగిలిన రంగంతా గుడ్డకే పట్టింది. గుర్రప్పిల్ల మూతి తెల్లగానే ఉంది.

పున్నమి ఉదయం ఆమె దుమ్ము లేవకుండా ఇల్లంతా నీళ్ళు చల్లి, గుర్రప్పిల్లను కన్నం దగ్గర నిలబెట్టి, తండ్రిని గూటి ముందు కూర్చోబెట్టింది. గోపురాలు పసుపయ్యాయి. బురుజులు ఎర్రబడ్డాయి. ఒక్క కిటికీ మిగిలి ఉండగా బూదాసురుడు గుప్పెడు బూడిదతో గుమ్మం దాటాడు. తడి నేల మీద అడుగు పెట్టీ పెట్టగానే బూడిద ఒళ్ళు బురదై జారిపోయింది. సింగారి చీపురు తీసుకుని వాణ్ణి వాకిట్లోకి ఊడ్చేసింది. కొండప్ప తలెత్తకుండా ఆ కిటికీ కూడా ఊదాడు.

కోటకు రంగులు తిరిగొచ్చాయి. రాణి మధుమతి నడిచి వాళ్ళింటికే వచ్చింది. "నువ్వే ఇకపై నా కోటలో శిల్పులందరికీ పెద్దవు. ఇంకేం కావాలో అడుగమ్మా," అంది.

సింగారి తండ్రి వైపు చూసింది. ఆయన ఇంకా దగ్గుతూనే ఉన్నాడు. ఆమె రాణిని ఏమీ అడగలేదు. ఒక కొత్త గుడ్డ తండ్రి నోటికి అడ్డంపెట్టి, గుర్రప్పిల్ల మెడ నిమిరి, "మెల్లగా పీల్చు, నొప్పెట్టకుండా," అంది.

గుర్రప్పిల్ల పీల్చింది. ఆయన ముప్పయ్యేళ్ళుగా వేసిన చిలకల పచ్చ, ఏనుగుల నీలం, పెళ్ళికూతుళ్ళ ఎరుపు, అన్నీ ఆ గుడ్డ మీదికి వచ్చాయి. కొండప్ప గుండెనిండా గాలి తీసుకున్నాడు. దగ్గు వస్తుందేమోనని ఆగి చూశాడు. రాలేదు.

ఆ రోజు ఆయన చీకటిపడేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. మధ్యలో ఒక్కసారీ ఆగలేదు. సింగారి ఆయన పక్కనే కూర్చుని వింటూనే ఉంది.