మూడు ఆకుపచ్చ కుట్లు

ఫోను కూసినప్పుడు బీసాన్ పెరట్లో పుదీనా కోస్తోంది. పెళ్లయి డెబ్భై ఒక్క రోజులు. పొద్దున్నే కరమ్ టీలోకి నాలుగు రెమ్మలు తనే తుంచుకురావడం ఆమెకింకా పండగలాగే ఉంది. తెర మీది రెండు వాక్యాలు చదివింది. మళ్లీ చదివింది. పుదీనా కింద పడేసి, చెప్పుల్లేని కాళ్లతో ఇంట్లోకి పరిగెత్తింది.

"వచ్చింది! అత్తమ్మా, పర్మిట్ వచ్చింది!"

వస్ఫియ్యా చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. సైన్యం పర్మిట్ లేనిదే చెక్‌పోస్టు దాటి జెరూసలేం వెళ్లనివ్వరు. అక్కడి ఆసుపత్రిలో కంటి ఆపరేషన్‌కి ఇప్పటికి రెండు తేదీలు పోయాయి. రెండుసార్లూ కార్యాలయం నుంచి 'పరిశీలనలో ఉంది' అన్న ఒక్క ముక్కే. ఎడమ కన్ను ఎప్పుడో మసకబారింది. ఈ మూడో తేదీ కూడా దాటితే కుడికన్ను కూడా దక్కదని డాక్టర్ తేల్చేశాడు. ఆ తేదీ రేపే.

"పొద్దున ఐదు నుంచి రాత్రి ఏడు దాకా. ఒక్కరోజే," అన్నాడు కరమ్, భార్య భుజం మీదుగా ఫోనులోకి తొంగిచూస్తూ. అంతలో అతని నవ్వు ఆగిపోయింది. "తోడు వచ్చేది... రస్మియ్యా పెద్దమ్మా?"

వస్ఫియ్యా తల అటు తిప్పింది.

"ఎవరూ?" అంది వస్ఫియ్యా.

బీసాన్ చీపురుపుల్లలా నిటారుగా నిలబడింది. "ఆ పేరు నేనే రాశానత్తమ్మా. తోడుగా రెండుసార్లూ ఈయన పేరు పెడితే కాగితం కదల్లేదు. వయసు మళ్లినవాళ్లయితే నయమని గుమస్తా చెప్పాడు. మన ఊరు అసీరాలో అలాంటి దగ్గరి చుట్టం ఎవరూ లేరు. అందుకని నాబ్లస్ వెళ్లి, పెద్దమ్మ గుర్తింపు కార్డు నకలు తెచ్చాను."

"కాపురానికొచ్చి మూడు నెలలు కాలేదు. నా కడుపు మంట ఎక్కడుందో వెతికి మరీ కిరసనాయిలు పోశావు కదే!"

"అమ్మా, అది నీ కన్ను కోసం..." అన్నాడు కరమ్.

"నువ్వు మాట్లాడకురా! దాని చెయ్యి పట్టుకుని నడిచేకంటే గుడ్డిదాన్నై ఈ అరుగు మీద కూచుంటా."

అక్క రస్మియ్యా మీద తొమ్మిదేళ్ల కోపం అది. వాళ్లమ్మ పెళ్లినాటి థోబ్, నిలువెల్లా ఎర్రదారంతో కుట్టుపని చేసిన పొడుగు దుస్తు, అక్కాచెల్లెళ్ల ఉమ్మడి ఆస్తి. పాత థోబ్ చిరిగితే ఎదపట్టీ కత్తిరించి కొత్తదానికి కుట్టుకోవడం ఆ ఊళ్ల ఆడవాళ్లకు మామూలే. రస్మియ్యా ఆ పని చెల్లెల్ని అడక్కుండా చేసింది. కూతురి పెళ్లికి తనే తొడుక్కుంది. ఆనాటి నుంచి మాటల్లేవు.

బీసాన్ వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. కరమ్ వెనకే వచ్చి, ఆమె చెవి వెనక ఒక పుదీనా రెమ్మ దోపాడు. "ఏడుపులోనూ వాసన బావుంటుంది," అన్నాడు. ఆమెకు నవ్వొచ్చేసింది. అలా నవ్వినందుకు సిగ్గు కూడా వేసింది.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. గడప అవతల, పర్మిట్ కబురు అంది నాబ్లస్ నుంచి వచ్చిన రస్మియ్యా, చంకలో గుడ్డమూట.

"లోపలికి రమ్మనకు. రమ్మంటే ఏడుస్తాను," అంది.

"రమ్మనేదెవరు? కత్తెర తెచ్చుకున్నావా? ఇంట్లో పరదాలున్నాయి, అవీ కోసుకుపో," అంది గడప పక్కనే పీట మీద కూచున్న వస్ఫియ్యా.

రస్మియ్యా గడప మీదికి వంగింది. మూట విప్పి, ఎదపట్టీ తీసి చెల్లెలి ఒళ్లో పెట్టింది. వస్ఫియ్యా దాన్ని కంటికి ఆనించి చూసింది. ఎర్రటి మసక తప్ప ఏమీ కనిపించలేదు. వేళ్లతో తడిమింది. దేవదారు చెట్ల వరస, చంద్రవంకలు... ఎడమ మూల దగ్గర వేలు ఆగిపోయింది. ఎగుడుదిగుడుగా మూడు కుట్లు.

"నావి," అంది.

"నీవే. ఆరేళ్లప్పుడు అమ్మ రొట్టెల పొయ్యి దగ్గరికెళ్తే, సూది దొంగిలించి ఎర్రదారం ఉండాల్సిన చోట ఆకుపచ్చ కుట్టావు. నేను విప్పేయబోతే అమ్మ నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది. 'ఉండనీ, అది కూడా ఈ ఇంటి పిల్లే' అంది." రస్మియ్యా ముక్కు చీదింది. "ఆ థోబ్ నాలుగుసార్లు తొడుక్కున్నానే. ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ పచ్చకుట్లు ఎవరివని అడిగేవారు. మా చెల్లివి అనేదాన్ని. తర్వాత తొడుక్కోలేక ఈ పట్టీ ఊడదీసేశా. తప్పు నాదే. అడగాల్సింది."

వస్ఫియ్యా ఆ మూడు కుట్లనే నిమురుతూ అడిగింది.

"నాన్న మనల్ని జెరూసలేం తీసుకెళ్లిన రోజు గుర్తుందా? నాబ్లస్‌లో బస్సెక్కితే నేరుగా అక్కడే దిగేవాళ్లం. కాగితం లేదు, చెక్‌పోస్టు వరస లేదు."

"రాతి కోటగుమ్మం దగ్గర నువ్వుల రొట్టె. కాగితం పొట్లంలో ఉప్పూ, ఎండు వామాకు పొడీ."

"ఆ జనంలో నా చెయ్యి వదిలేశావు."

"వదల్లేదు! నువ్వే మిఠాయి బండి చూసి పరిగెత్తావు."

"సరే, గడపలో నిలబడి పొరుగువాళ్లకి వినిపించకు. లోపలికి రా."

రస్మియ్యా అన్నమాట ప్రకారం ఏడ్చింది. వస్ఫియ్యా కూడా ఏడుస్తుంటే, "కంటికి మంచిది కాదే!" అని అక్క గదమాయించింది. కరమ్ పొయ్యి మీద టీ పెట్టాడు. బీసాన్ పెరట్లోకి వెళ్లి, పొద్దున పడేసిన పుదీనాను మట్టి దులిపి ఏరుకుంది. తనూ కరమూ పుట్టిన దగ్గర్నుంచి ఆ కోటగుమ్మాన్ని ఫోటోల్లో చూడటమే. అక్కడికి బస్సు గంటన్నర దూరమంటే వాళ్లకు కథలాగే ఉంటుంది.

టీ గ్లాసులు ఖాళీ అయ్యాక వస్ఫియ్యా ఎదపట్టీని మడిచి దిండు కింద పెట్టుకుంది. గొంతు సవరించుకుని, ఇంటి పెద్దలా చెప్పింది.

"అక్క ఈ పూట ఇక్కడే ఉంటుంది. కరమ్, తెల్లవారుజామున మూడున్నరకల్లా వ్యాను వీధి మొదట్లో ఉండాలి. బీసాన్, ఆరు గుడ్లు ఉడకబెట్టు, చెక్‌పోస్టు వరసలో ఆకలేస్తుంది. ఆపరేషనవగానే ఒక కంటికి కట్టుతో నేను, మోకాళ్ల నొప్పులతో ఇది, కోటగుమ్మం దాకా నడుస్తాం. ఏడు కొట్టకముందే తిరిగొస్తాం. మీ ఇద్దరికీ రేపు సాయంత్రం భోజనం ఇంట్లో వండొద్దు. జెరూసలేం నువ్వుల రొట్టె తెస్తున్నాం."