పడుగు మీద పొగ

తెల్లవారగానే భారతమ్మ గంజి కాచి వీధిలోకి తెచ్చింది. పుత్తూరు దగ్గరి ఆ నేతగాళ్ల వీధిలో ఏకాంబరం అప్పటికే ఇంట్లోని తన మగ్గానికి ఎక్కించాల్సిన తెల్లటి నూలు పడుగును ఇళ్ల వారగా పొడుగ్గా సాచి కట్టాడు. ఒకప్పుడు పడుగుకు గంజి పట్టించే పొద్దున వీధి వీధంతా చేయి వేసేది. ఇప్పుడు అందరూ ఊరవతల మరమగ్గాల షెడ్డుకు పోతున్నారు. మొగుడూ పెళ్లాలే చెరో గంజి కుంచె పట్టుకున్నారు.

అలా పోయేవాళ్లందర్నీ షెడ్డుకు చేరవేసే డీజిల్ వ్యాను తోలేది ఏకాంబరం కొడుకు సుందరరాజే. రాత్రిళ్లు వ్యాను ఇంటి ముందే ఉంటుంది. ఆ పొద్దు వాడు తాళం తిప్పగానే పాత ఇంజను గుప్పుమని నల్లటి పొగ కక్కింది. తడి పడుగు మీద మసి పరుచుకుంది.

"ఆపరా! కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని అరిచాడు ఏకాంబరం.

"నేనేం జేసేది నాయనా? బండన్నాక పొగ రాదా? ఆ మగ్గం గుంట పూడ్చేసి నువ్వూ ఎక్కు. అందరూ వస్తాండారు గదా!"

"నా మగ్గానికి కరెంటొద్దు, డీజిలొద్దు. మంచం దిగితే పని. మిగిలిన గంజి బర్రె తాగతాది. అందరూ ఇట్ల ఇంట్లోనే నేస్తాంటే ఈ వీధిలో పొగ ఉండునా? నీకీ దగ్గుండునా?"

"గాలి మంచిదే నాయనా. గాలి తిని బతకలేం గదా!" అంటూనే సుందరరాజు దగ్గుతో మెలికలు తిరిగిపోయాడు.

భారతమ్మ ఎవరి వైపు మాట్లాడాలి? మొగుడు చెప్పింది నిజం. కొడుకు చెప్పిందీ నిజమే. మసి పట్టిన పోగుల్ని కొంగుతో తుడవబోయింది. మసి ఇంకా పాకింది. "నా చేతులతో నేనే చెడగొడితినే!" అని అక్కడే కూలబడి ఏడ్చింది. సుందరరాజు తల దించుకున్నాడు.

మళ్లీ పడుగు సాచిన పొద్దున వాడు తాళం ముట్టుకోలేదు. కిందికి దిగి, వ్యానును ఒక్కడే పెద్ద రోడ్డు వైపు తోయడం మొదలుపెట్టాడు. షెడ్డుకు పోయేవాళ్లు గమ్మున వచ్చి తలా ఒక చేయి వేశారు. అయినా వీధి చివర ఎత్తు దగ్గర బండి మొరాయించింది.

అది చూసి ఏకాంబరం తన కుంచె కూడా పెళ్లాం చేతికిచ్చి, గంజి కారుతున్న చేతులతోనే పోయి వెనక ఆనించాడు.

"తొయ్యండప్పా! పొద్దెక్కితే మిమ్మల్ని షెడ్డు లోపలికి రానీరు."

రోడ్డెక్కాక ఇంజను అందుకుంది, అందరూ ఎక్కారు. వ్యాను వెనక రెండు తెల్లటి అరచేతుల ముద్రలు దూరమైపోయాయి. తన వీధినంతా తానే తోసి పంపినవాడు, వట్టి చేతులతో అక్కడే నిలబడిపోయాడు.

భారతమ్మకు దుఃఖం పొంగుకొచ్చింది. రెండు చేతుల్లోనూ రెండు కుంచెలు. కింద పెడదామంటే గంజి ఆరిపోతోంది. కళ్లు తుడుచుకోవడానికి చేయి లేక, ఏడుస్తూనే పడుగు మీదికి వంగింది.