గడ్డిమందు తాగని పేషెంట్

“నవదీప్ గారూ, బతికే ఉన్నారా?”

పొద్దున్నే ఒక అమ్మాయి ఫోన్ చేసి ఇంత ప్రేమగా అడిగితే ఏ కుర్రాడు పడిపోడు?

“ఉన్నానండి. ఇడ్లీ తింటున్న.”

“థాంక్యూ,” అని భానుశ్రీ పెట్టేసింది.

ఆమె ఢిల్లీలో ఒక పెద్దాసుపత్రిలో రీసెర్చ్ స్కాలర్. గడ్డిమందు తాగి వచ్చినవాళ్లలో ఎవరు బతుకుతారో రక్తపరీక్షతో ముందే చెప్పే స్కోరు ఆమె థీసిస్. పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తం కావాలని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడితే, గురుగ్రామ్ సాఫ్ట్‌వేర్ నవదీప్ వెళ్లి ఇచ్చాడు. నెల తిరక్కుండా పోతాడని స్కోరు తేల్చింది.

గైడ్ నాగభూషణం గారికి రూలంటే రూలే. “ప్రమాదంలో ఉన్నవాళ్లకి ఇరవై ఎనిమిది రోజులు రోజూ ఫోన్ చెయ్యాలి. ఆరోగ్యవంతులకి మినహాయింపు ఎక్కడ రాశాం?” అన్నారు.

అసలు సంగతి నవదీప్‌కే తెలుసు. రక్తం ఇచ్చిన రోజు ఆసుపత్రిలో లిఫ్ట్ పాడైతే ఆరంతస్తులు పరిగెత్తి ఎక్కాడు. ఫారంలో ‘గంటలోపు శ్రమ చేశారా’ అన్నచోట, తిప్పి పంపేస్తుందేమోనని ‘లేదు’ అని టిక్ పెట్టాడు. పరిగెడితే రక్తంలో లాక్టేట్ అనే పదార్థం పెరుగుతుందని, స్కోరు లెక్కేసేది దాన్నేనని తర్వాత చదివాడు. చెబితే ఫోన్లు ఆగిపోతాయి. అందుకే నోరు మెదపలేదు, వెధవ.

ఇరవై మూడో రోజు ఆమె వెంటనే ఫోన్ పెట్టెయ్యలేదు.

“మీరు బతికుంటే నా స్కోరు తప్పండీ. రేపు థీసిస్ కమిటీ ముందుకెళ్లాలి. మూడేళ్ల పని పోతుంది. అలాగని మీరు పోవాలని కాదు.”

నవదీప్ ఆఫీసు వదిలేసి మెట్రో ఎక్కాడు. ఆమె ఎదుట నిలబడి అంతా చెప్పేశాడు.

“అచ్ఛా. మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే మీరు ఫోన్ చెయ్యరు గదా. మీ ఫోన్ రాకపోతే నేను బతికున్నట్టే అనిపియ్యదు.”

“నాకు నిద్ర లేదు తెలుసా? ఒకవేళ నా స్కోరే కరెక్టయితే అని రోజూ ఏడ్చాను. కూర్చోండి. ఆ శాంపిల్ తీసేస్తాం, మళ్లీ ఇవ్వాలి. అరగంట కదలకండి.”

కొత్త ఫారం తీసింది. “ఢిల్లీలో దగ్గరి మనిషి ఎవరు?”

“ఎవరూ లేరండి. అందరూ వరంగల్‌లనే.”

ఆమె తన పేరు, తన నంబరు రాసి ఆగింది. “సంబంధం అన్నచోట ఖాళీ వదిలితే మా సార్ ఒప్పుకోరు.”

“కాబోయే భార్య అని రాయుండ్రి.”

రాసింది. నాగభూషణం గారు కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, సాక్షి సంతకం పెట్టారు.