అక్మోర్‌కి ఎవరు నేర్పారు?

తెల్లారగానే టీ కాచి, రొట్టె, మీగడ గిన్నె బల్ల మీద పెట్టి, జిబెక్ కూతురి జడలకు తెల్ల రిబ్బన్లు కట్టడానికి కూర్చుంది. మూడేళ్ళ కొడుకు ఎల్దార్ ఆమె ఒళ్ళో తల పెట్టుకుని నిద్రమత్తులో ఉన్నాడు. బయట మొగుడు తాలంత్ తన మినీబస్సుని ఇంటి ముందు కాలువలోకి సగం దించి, బకెట్లతో నీళ్ళు కొట్టి తోముతున్నాడు. పొద్దున్న ఏడింటి ట్రిప్పుకి బస్సు అద్దంలా ఉండాలి అతనికి.

"కదలకే, ముడి జారిపోతోంది," అంది జిబెక్.

"మీర్గుల్ అక్కయితే ఒక్క నిమిషంలో కట్టేస్తుంది వదినా. నొప్పి కూడా పుట్టదు," అంది అక్మోర్.

వదిన. తొమ్మిదేళ్ళ కన్నకూతురు తల్లిని పిలిచే పిలుపు అది. మా కొండల వైపు ఇందులో వింతేమీ లేదు. పెద్దకొడుక్కి పుట్టిన మొదటి బిడ్డని నాయనమ్మ తన బిడ్డగా పెంచుకుంటుంది. ఆ బిడ్డకి ఆవిడే అమ్మ, కన్నవాళ్ళు అన్నా వదినలు. పాలు మాన్పించిన వారానికే అత్తగారు అక్మోర్‌ని పైలోయలో చిన్నకొడుకుతో తానుండే ఇంటికి ఎత్తుకెళ్ళింది. నిరుడు ఆవిడ మంచాన పడ్డాక పిల్ల ఇక్కడికి వచ్చింది. ఇకనైనా నా బిడ్డ నాదవుతుంది అనుకుంది జిబెక్. నెల తిరక్కుండానే మూడో క్లాసు టీచరు మీర్గుల్ తన్నుకుపోయింది.

లేస్తే మీర్గుల్ అక్క, పడుకుంటే మీర్గుల్ అక్క. అక్క ఇలా నవ్వింది, అక్క అలా అంది. వింటున్నకొద్దీ జిబెక్‌కి కడుపు మండిపోయేది. పైగా ఆ మీర్గుల్ ఎవరో పరాయిది కాదు. చిన్నప్పుడు ఒకే బెంచీ, లెక్కలన్నీ జిబెక్ పుస్తకంలో చూసి రాసిన మనిషి. ఆమె చదువుకోవడానికి నగరం వెళ్ళింది. జిబెక్ తలకి రుమాలు కట్టుకుని కోడలిగా ఈ ఇంటికొచ్చింది.

"శుక్రవారం ఊరి సభలో నేను మాట్లాడుతున్నా. క్లాసంతా నన్నే ఎంచుకున్నారు," అంది అక్మోర్ రొట్టె నములుతూ.

"నువ్వా? దేని గురించి?"

"కాలువ గురించి. పైవీధి వాళ్ళు అందులో బండ్లు కడుగుతారు. కిందవీధి వాళ్ళు ఆ నీళ్ళే తాగుతారు. మేం సీసాల్లో పట్టి చూశాం. కింద పట్టిన నీళ్ళ మీద నూనె తేలుతోంది వదినా!"

గుమ్మంలో తడి చేతులతో నిలబడ్డ తాలంత్ మొహం కందగడ్డలా అయింది. "ఏంటీ? ఊరందరి ముందు నా బస్సు సంగతి చెప్తావా?"

"పేర్లు చెప్పను అన్నయ్యా. ఎవరు కడుగుతారో అందరికీ తెలుసుగా."

"జిబెక్! దీని నోరు మూయిస్తావా, పైలోయకి తోలేయమంటావా? వచ్చే వారం మా తమ్ముడి ఇంటికి పోతుంది, చూసుకో!"

బస్సు వెళ్ళిపోయింది. జిబెక్ రెండో రిబ్బను ముడి వేసి అక్మోర్‌ని బడికి పంపింది. మళ్ళీ పిల్లని తీసుకుపోతారా? ఇదంతా ఎవరి వల్ల? ఎల్దార్‌ని పక్కింట్లో వదిలి, రుమాలు బిగించి కట్టుకుని తిన్నగా బడికి నడిచింది.

పిల్లలు ఆటకి వెళ్ళారు. మీర్గుల్ బోర్డు తుడుస్తోంది.

"నా పిల్లని వదిలెయ్ మీర్గుల్."

"ఏమైంది? కూర్చో ముందు."

"కూర్చోడానికి రాలేదు. దాని బుర్రలో ఏవేవో ఎక్కిస్తున్నావు. నీకు పిల్లల్లేరని నా పిల్లని లాక్కుంటావా?"

మీర్గుల్ చేతిలోని గుడ్డ ఆగిపోయింది. దాన్ని బల్ల మీద పెట్టి నెమ్మదిగా అంది, "నేనేమీ ఎక్కించలేదు. మీ చుట్టూ తప్పనిపించింది ఒకటి రాసుకు రండి అన్నాను, అంతే. అది రాసింది, చదివింది, క్లాసు చప్పట్లు కొట్టింది."

"మరి అవన్నీ నీకే ఎందుకు చెప్పుకుంటుంది? నాకెందుకు చెప్పదు?"

"నువ్వెప్పుడైనా అడిగావా?"

జిబెక్ తలుపు వైపు తిరిగింది. "నువ్వా నాకు చెప్పేది!" అని విసురుగా బయటికొచ్చేసి, దారంతా ఏడ్చింది. పిల్లల్లేరన్న మాట అనకుండా ఉండాల్సిందని తెలుసు. అయినా లోపలి మంట చల్లారలేదు.

శుక్రవారం దాకా మూడు రోజులూ సభకి వెళ్ళొద్దని కూతుర్ని బతిమాలింది, తిట్టింది. అక్మోర్ తల అడ్డంగా ఊపింది.

శుక్రవారం మధ్యాహ్నం బడి హాలు నిండిపోయింది. తెల్ల టోపీల పెద్దలు ముందు వరసలో, కోడళ్ళంతా వెనక తలుపు దగ్గర. అక్మోర్ స్టూలెక్కి, పైవీధిలో ఒకటి, కిందవీధిలో ఒకటి పట్టిన రెండు సీసాలూ పైకెత్తి చూపించింది. గొంతు మొదట సన్నగా వచ్చింది, తర్వాత నిలదొక్కుకుంది. చెప్పడం పూర్తి కాకుండానే ముందు వరసలోంచి ఊరి పెద్ద సాదిర్ తాత కర్ర నేలకేసి కొట్టాడు.

"ఇంత పిల్లకి ఇన్ని మాటలెక్కడివి? ఎవరు నేర్పారు నీకు? ఆ టీచరేగా? పెద్దలకి ఎదురు చెప్పడమా చదువంటే? రేపే జిల్లాకి రాసి ఆవిడ్ని తీయించేస్తా!"

మీర్గుల్ పాలిపోయి లేచి నిలబడింది. జిబెక్ మనసు ఒక్క క్షణం గంతేసింది. పోనీ, పీడ విరగడవుతుంది! అప్పుడు కూతురి వైపు చూసింది. అక్మోర్ పెద్ద పెద్ద కళ్ళతో మీర్గుల్‌నే చూస్తోంది. ఇప్పుడు కూడా ఆవిడనేనా? ఇంత కష్టంలో కూడా ఒక్కసారి నా వైపు చూడవా?

"నేనే నేర్పాను!"

హాలంతా వెనక్కి తిరిగింది. ఆ కేక తన గొంతులోంచి వచ్చిందని జిబెక్‌కే నమ్మకం కుదరలేదు. కోడలిగా వచ్చి పదేళ్ళు, పెద్దల ముందు ఏనాడూ గొంతెత్తలేదు.

"అది నా కూతురు. ఆ మాటలు నావి. టీచరువి కావు, నావి! కాలువలో కడిగేది మా బస్సే. రోజూ మా ఇంటాయనే కడుగుతాడు. రాసుకోండి, ఎవరికి రాస్తారో!"

గోడ పక్కన నిలబడ్డ తాలంత్ తల దించుకున్నాడు. సాదిర్ తాత నోరు తెరిచేలోగా స్టూలు మీద నుంచి అక్మోర్ అరిచింది.

"అబద్ధం! వదిన నేర్పలేదు. అక్క కూడా నేర్పలేదు. నేనే చూశాను! నా పక్కన కూర్చునే చోల్పోన్ కడుపునొప్పితో రెండు వారాల నుంచి రావట్లేదు. వాళ్ళింటికెళ్తే నాకూ ఆ నీళ్ళే ఇచ్చారు. కంపు కొట్టాయి."

 సాదిర్ తాత చెయ్యి చాపి కిందవీధి నీళ్ళ సీసా తీసుకుని మూత విప్పి వాసన చూశాడు. తర్వాత గంటసేపు వాదించుకున్నారు. ఆఖరికి తాలంతే గొణిగాడు, "సరేలే, రేపట్నుంచి దూరంగా రాళ్ళ నేల మీద కడుక్కుంటా." టీచరు ఊసు మళ్ళీ రాలేదు.

ఇంటికి వస్తూ జిబెక్ కూతురి పక్కన నడిచింది. "అందరి ముందు నన్ను అబద్ధాలకోరుని చేశావు," అంది.

"చెప్పింది అబద్ధమేగా. అక్కని కాపాడదామనా వదినా?"

"కాదు." జిబెక్ ఆగిపోయింది. "కుళ్ళుతో. నువ్వు ఆవిడ్నే చూస్తున్నావు. ఒక్కటైనా నా దగ్గర నేర్చుకున్నావని జనం అనుకోవాలనిపించింది. అంతే."

అక్మోర్ బూటు కాలితో రాయిని తన్నింది. అది దొర్లిన వైపే చూస్తూ అంది, "నాకూ ఉంది కుళ్ళు. ఎల్దార్ అంటే."

"వాడా? పసివాడు కదే!"

"వాణ్ణి ఎవరికీ ఇవ్వలేదుగా నువ్వు." పిల్ల ఇంకో రాయిని తన్నింది. "తప్పనిపించింది రాయమంది అక్క. నేను ముందు అదే రాశాను, నన్ను ఎందుకు ఇచ్చేశారని. అందరి ముందు చదవాలంటే ఏడుపొచ్చింది. చించేసి కాలువ గురించి రాశాను."

జిబెక్ దారి పక్కనే మట్టిలో కూలబడి పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

"నన్నెవరూ అడగలేదమ్మా. నేనూ వద్దనలేదు. మీ నాయనమ్మ నిన్ను బండెక్కిస్తుంటే, మూటలో రొట్టెలు కట్టి ఇచ్చాను, నోరు మూసుకుని. వద్దనాల్సింది. తప్పు నాదే. ఇంకెవరొచ్చి అడిగినా నిన్నివ్వను."

అక్మోర్ చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"ఇంకోసారి చెప్పు," అంది.

జిబెక్ ఇంకోసారి చెప్పింది.