కవిటి శిబిరంలో రెండో బ్యాచ్

పలాస స్టేషన్లో రైలు దిగిన జీడిపప్పు బేరగాడి అసలు పేరు శాంతికుమార్. చేతిలో శాంపిల్ డబ్బా, జేబులో విశాఖ వ్యాపారి పేరుతో విజిటింగ్ కార్డు, చెవిలో కందిగింజంత ఇయర్‌పీస్. పుట్టి పెరిగింది టెక్కలిలో కాబట్టే నిఘా విభాగం చీఫ్ తారకేశ్వరరావు ఈ పని అతనికి అప్పగించాడు.

"టార్గెట్ హెక్టర్. విదేశీ ముఠా నాయకుడు," ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "హైదరాబాద్‌లో మన ల్యాబ్ నుంచి మైక్రోఫ్లూయిడిక్ చిప్ కొట్టేశాడు. ఇక్కడ మూతపడ్డ జీడి ఫ్యాక్టరీలో దాన్ని నడుపుతున్నాడు. లోపల మన మనిషుంది. డాక్టర్ లక్ష్మీప్రియ. వాళ్ల దగ్గర పనిచేస్తూ మనకు కబుర్లు చేరవేస్తోంది."

"కోడ్?"

"రెండొందల నలభై కౌంట్ పప్పు, అంటే పౌనుకు అన్ని గింజలు తూగే రకం అడుగు. నూటఎనభయ్యే ఉందంటే ఆమే."

ఫ్యాక్టరీ గేటు తీసిన మనిషిని చూసి శాంతికుమార్ ఒక్క క్షణం కోడ్ మరిచిపోయాడు. నెమలికంఠం రంగు చీర, పైన తెల్లకోటు. గోడలకు పట్టిన జీడినూనె ఘాటును కూడా మించిపోతున్న సెంటు.

"రెండొందల నలభై కౌంట్ ఉందా?"

"నూటఎనభయ్యే ఉంది. త్వరగా రండి. హెక్టర్ కవిటి వెళ్లాడు."

లోపలి గదిలో బల్లమీద వేలెడంత గాజుబిళ్ల, కొట్టేసిన చిప్ అదే. దానికి రెండు సన్నటి గొట్టాలు.

"ఇందులో వెంట్రుకంత కాలువలుంటాయి," అంది లక్ష్మీప్రియ. "ఒకదాన్లో సాల్వెంట్‌లో కరిగిన పాలిమరూ, కిడ్నీ మందూ. ఇంకోదాన్లో నీళ్లు. రెండూ కలిసేచోట పాలిమర్ మందును పొట్టలో పెట్టుకుని నానో కణంగా ముడుచుకుంటుంది. అన్నీ ఒకే సైజు. పంపు వేగం మారిస్తే సైజు మారుతుంది."

"మంచిదేగా. మందు తిన్నగా కిడ్నీకే చేరుతుంది."

"ఏ సైజు చేరుతుందో, ఏది చంపుతుందో ముందు ఎలుకల మీద చూడాలి. ఏళ్లు పడుతుంది. హెక్టర్‌కు అంత ఓపిక లేదు."

ఆమె ట్యాబ్ తిప్పింది. పేర్లు లేవు, అన్నీ నంబర్లే. పోయినవారం ఉచిత కిడ్నీ శిబిరానికి వచ్చిన పదకొండు మంది. రెండు నంబర్ల మీద ఎర్రగీతలు.

"ఈ గీతలేమిటి?"

"పోయారు."

శాంతికుమార్ ట్యాబ్ తన చేతిలోకి తీసుకున్నాడు. "చీఫ్‌కు చెప్పలేదా?"

"ఆ రోజే చెప్పాను. ఇవాళ పదిన్నరకు కవిటిలో రెండో బ్యాచ్. నలభై మంది."

అతను ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కి చీఫ్‌కు కలిపాడు.

"క్యాంప్ నడవనీ," అన్నాడు తారకేశ్వరరావు తాపీగా. "డేటా తయారైతేనే దాన్ని కొనేవాడు బయటికొస్తాడు. ముఠా అంతా ఒకేసారి దొరుకుతుంది. ఎలాగూ కిడ్నీలు పోయినవాళ్లేగా?"

శాంతికుమార్ ఫోన్ పెట్టేసి, ఇయర్‌పీస్ పీకి, ఆ వేళ్లను ప్యాంటుకేసి రుద్దుకున్నాడు. పేడపురుగును పట్టుకున్నట్టనిపించింది. చిప్ జేబులో వేసుకుని, "కారు తియ్యి," అన్నాడు.

కవిటి కొబ్బరితోటల మధ్య తుఫాను షెల్టర్. నలభై మంచాలు, మంచానికో పంపు. అన్నింటినీ ఒకేసారి నడిపించే ట్యాబ్ పట్టుకుని మధ్యలో హెక్టర్, పెళ్లిపెద్దలా చిరునవ్వుతో.

టైము పది ఇరవై తొమ్మిది. శాంతికుమార్ డబ్బా మూత తీసి వంపాడు. జీడిపప్పు నేలమీద చెల్లాచెదురైంది. అడుగున, ట్యాబ్ సిగ్నల్ పంపులకు చేరకుండా అడ్డుకునే జామర్.

హెక్టర్ వేలు తెరమీద వాలేలోపు శాంతికుమార్ మీట నొక్కాడు. నలభై పంపులూ మొదలవకుండానే కుయ్యిమని ఆగిపోయాయి.

హెక్టర్ పిస్టల్ తీశాడు. వెనకనుంచి లక్ష్మీప్రియ సెలైన్ స్టాండ్ ఎత్తి అతని నెత్తిన ఒక్కటేసింది. కూలబడ్డాడు.

శాంతికుమార్ అతనికి బేడీలు వేసి, రెండో జత తీశాడు.

"నేను మీ మనిషిని!" అంది ఆమె.

"ఆ పదకొండు మందికీ సూది గుచ్చిన చెయ్యి ఎవరిది?"

ఆమె రెండు చేతులూ చాపింది.

మొదటి మంచం మీద ఎర్రమ్మ, ఎండిపోయిన కొబ్బరిమట్టలా ఉంది. శాంతికుమార్ ఆమె చేతినుంచి గొట్టం తీస్తుంటే బెదిరిపోయింది.

"ఏటి బాబూ, మందెక్కకుండానే తీసేత్తన్నావు?"

"ఇది మందు కాదమ్మా. ముందు ఎలకలకెట్టి సూడాల్సింది మీకెట్టబోయినారు."

ఎర్రమ్మ హెక్టర్ వంక చూసింది. "అయితే మమ్మల్ని ఎలకలకన్నా కనాకట్టం సేసీసినాడా, ఈడు?" అని నేలమీద ఉమ్మింది. "రేతిరి నుంచి ఏటీ తినొద్దన్నారు. కడుపు కాలిపోతంది, బాబూ."

మొదటి బ్యాచ్‌లో మిగిలిన తొమ్మిది మంది కోసం అతను అంబులెన్సులు పిలిపించాడు. ఆ పదకొండు మంది లెక్కలున్న ట్యాబ్‌నూ, చీఫ్ మాటల రికార్డింగునూ నేరుగా మేజిస్ట్రేటుకు పంపాడు. అంతలో ఫోన్ మోగింది.

"ఆపరేషన్ సర్వనాశనం చేశావు!" తారకేశ్వరరావు అరుపు. "డేటా ఏమైనా మిగిలిందా?"

శాంతికుమార్ మంచాల వైపు చూశాడు.

"నలభై మంది మిగిలారు సార్. అందరూ టిఫిన్ అడుగుతున్నారు."